ట్రిఫోనియా గుండెలో యూసేబియో

"బ్యాటరీ ఎంతుందన్నారు?"

"నాలుగు నెలలు, మేడమ్."

"చాలు. ఈ పని రేపు మధ్యాహ్నానికి అయిపోతుంది."

చీఫ్ బెత్సబే మోంతాన్యో అంతకుమించి పరామర్శించలేదు. ఉదయం పది కావస్తోంది. కొచబాంబాలో ఆ వేళకి ఎవరి చేతిలో చూసినా సల్తేన్యా, అంటే మాంసం కజ్జికాయ, ఉంటుంది. ఆమె దాని అంచు కొరికి, లోపలి మాంసం రసం ఒక్క చుక్క ఫైలు మీద పడకుండా జుర్రుకుంది. సల్తేన్యా తింటూ రసం కార్చుకునే ఏజెంటుకి ఆమె చచ్చినా ప్రమోషన్ ఇవ్వదని ఆఫీసులో చెప్పుకుంటారు. ఎదురుగా కూర్చున్న నికనోర్ రోచా చొక్కా మీద అప్పటికే రెండు మరకలున్నాయి.

అతని కోడ్‌నేమ్ ఉలుపీకా. బఠాణీ గింజంత ఉండే మా కొండమిరపకాయ. ముప్ఫై ఏళ్ళ క్రితం ఆ పేరు పెట్టినప్పుడు అతనికి సరిగ్గా నప్పింది. ఇప్పుడు యాభై ఎనిమిదో ఏట మెట్లెక్కితే ఆయాసం, దిగితే మోకాళ్ళ నొప్పి. ఎడమ భుజం కింద తోలు లోపల అగ్గిపెట్టెంత పేస్‌మేకర్ ఉంది. ఆరేళ్ళుగా అది తడితేనే అతని గుండె కొట్టుకుంటోంది.

చీఫ్ ఒక ఫొటో ముందుకి తోసింది. బట్టతల, దళసరి కళ్ళద్దాలు.

"యూసేబియో క్లారోస్. జియాలజిస్టు. ఉప్పు మైదానంలో బోర్లు వేసి, లిథియం ఎక్కడెంత ఉందో అసలు రికార్డు రాసింది ఇతనే. హార్కోర్ట్ అనే పరదేశి ముఠా దానికోసం వెంటబడింది. మూడేళ్ళ క్రితం జీపు లోయలో పడి పోయాడు."

"పడ్డాడా, పడేశారా?"

"బ్రేకులు వాటంతటవి ఊడవు గదా. పోయే ముందు రికార్డు ఎక్కడో దాచాడు. ఎక్కడ దాచిందీ రాసిపెట్టాడు."

"ఎక్కడ రాశాడు?"

చీఫ్ చెంచాతో నికనోర్ ఛాతీ వైపు చూపించింది. "అందులో. అంటే నీదాంట్లో కాదు, తనదాంట్లో. పేస్‌మేకర్ లోపల పేషెంటు పేరు రాసుకునే చోటు ఉంటుందట. దాని కింద ఓ రెండు లైన్లు నోటు."

యూసేబియోది కూడా నికనోర్ జబ్బే. మట్టిగోడ పగుళ్ళలోంచి దిగి, నిద్రపోయేవాడి రక్తం తాగి పోయే పురుగు ఒకటి మా లోయలో ఉంది. కుట్టిన సంగతి ఆ రోజు తెలియదు. ముప్ఫై ఏళ్ళకి గుండె తీగలన్నీ పుచ్చిపోయాక తెలుస్తుంది. చనిపోయినవాడి మిషన్ తీసి, శుద్ధి చేసి, ఇంకో పేదవాడికి కుట్టడం ఇక్కడ వింత కాదు. కొత్తది కొనగలిగినవాడి ఇంటికి మట్టిగోడలుండవు, ఆ పురుగూ ఉండదు.

"ఇప్పుడా మిషన్ మొల్లేపంపాలో దోన్యా ట్రిఫోనియా అని, చీచా కల్లు కాచి అమ్ముకునే ముసలామె ఒంట్లో ఉంది," అంది చీఫ్. "యూసేబియో పేరు ఇంకా మార్చలేదు. మూడేళ్ళు చచ్చినవాళ్ళ పండక్కి ఆత్మ ఇంటికొస్తుంది కదా, పేరు తుడిచేస్తే దారి తప్పుతుందని వాళ్ళ భయం. రేపటితో మూడో ఏడు. పన్నెండు కొట్టగానే ఆత్మని ఆఖరుసారి సాగనంపి, పాత పేరూ నోటూ తుడిచేసి ఆమె పేరు ఎక్కిస్తారు."

"మూడేళ్ళు గాడిదలు కాశామా మనం?"

"యూసేబియో భార్య అప్పుడే ఉత్తరం రాసింది. అది పైకి పోయింది."

ఆఫీసు బయట బోర్డు మీద 'పిండిమరల తనిఖీ శాఖ' అని ఉంటుంది. కింది అంతస్తులో గూఢచారులు. పై అంతస్తులో నిజంగానే పిండిమరలు తనిఖీ చేసే గుమాస్తా ఉన్నాడు.

"పిండిమర సంగతి కాదు గదా అని పక్కన పెట్టాడట. మొన్న చీచా అంగట్లో నవ్వుకుంటూ పదిమందికీ చెప్పాడు, ఎవరో వెర్రి విధవరాలు మొగుడి గుండెలో రహస్యం ఉందని రాసిందని. పక్క బల్ల మీద హార్కోర్ట్ మనిషి ఉన్నాడు."

నికనోర్ ముఖం తుడుచుకున్నాడు. "చదివి పోతే సరే. చదవడంతో ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. పైన తుడిచినా లోపల జాడ మిగులుతుందట. అది మనకి దక్కకుండా వాడికి మిషనే కావాలి. బతికున్న మనిషిలోంచి తియ్యనివ్వరు. పోయిన మనిషిలోంచి తీసినదాన్ని మాత్రం మిషన్ చేసిన కంపెనీ వాళ్ళు పట్టుకుపోవచ్చు. రూలుంది."

"అంటే ముసలామెని..."

"మిషన్ ఆపితే చాలు. ఆమె గుండె సొంతంగా ఒక్క దెబ్బ కూడా కొట్టదు. నీలాగే." చీఫ్ చేతులు తుడుచుకుంది. "ఆర్డర్ విను. ముందు రికార్డు. వీలైతే ముసలామె."

నికనోర్ ఆ మాటని లోపల తిరగేసుకున్నాడు: ముందు ముసలామె, వీలైతే రికార్డు. పైకి అంటే మళ్ళీ ఓ గంట కూర్చోబెడుతుంది.

"కంపెనీ తరఫున, మిషన్‌ని చదివి మార్చే ప్రోగ్రామర్ పెట్టె పట్టుకుని వచ్చేది ఎవరు?"

"హిమేనా ఓబ్లితాస్."

అతని గుండె ఒక దెబ్బ తప్పాలి. మిషన్ తప్పనివ్వలేదు. ఆరు నెలలకోసారి హైహీల్స్ టకటకలాడించుకుంటూ వచ్చి, ఇస్త్రీపెట్టెలాంటి రీడర్‌ని అతని ఛాతీ మీద ఆనించి పరీక్ష చేసేది ఆమే. "ఒక్క క్షణం కళ్ళు తిరుగుతాయి, భయపడకు," అని ఆమె అన్నప్పుడల్లా చేంతాడు తెగిన చేదలా బావిలోకి జారినట్టుంటుంది. రీడర్ తియ్యగానే మళ్ళీ పైకొస్తాడు.

"ఆమె మన మనిషి," అంది చీఫ్. "వాళ్ళ మనిషి కూడా. ఏ రోజు ఎవరి మనిషో నన్నడక్కు. చెరకు ఎక్కడిదని అడుగు. యుంగాస్‌ది అంటే మనవైపు. చపారేది అంటే వాళ్ళవైపు."

సామాన్ల గదిలో ముసలాయన ఒక రొట్టె పాపని చేతిలో పెట్టాడు. పండక్కి చచ్చినవాళ్ళ బల్ల మీద పెట్టే రొట్టెబొమ్మే. బుగ్గలకి ఎర్రరంగు, గుడ్డలో చుట్టిన పసిపాప ఆకారం. బరువు మాత్రం కాస్త ఎక్కువ.

"లోపల కాయిల్ ఉంది. ఆమె ఛాతీకి జానెడు దూరంలో ఒక్క నిమిషం పట్టుకున్నావంటే నోటు మొత్తం చదివేస్తుంది. ఆనించావనుకో, దగ్గర్లో ఇంకే మిషన్ మాటా వినపడనివ్వదు, లోపలి రాతంతా చెరిగిపోతుంది. జాగ్రత్త. ఇంకో సంగతి, ఆకలేస్తే తినకు."

*

మొల్లేపంపా బస్సులో నికనోర్ వేషం మార్చుకోవాల్సిన పని పెద్దగా పడలేదు. పాత పోంచో, చిల్లుల టోపీ, రొట్టెలు వేసుకునే గోనెసంచి. పండగ రెండు రోజులూ ఇల్లిల్లూ తిరిగి చచ్చినవాళ్ళ పేరిట ప్రార్థన చదివి, కూలిగా రొట్టె పుచ్చుకునేవాళ్ళు ఉంటారు. అలాంటి ప్రార్థనగాడిలా అతను అద్దంలో కూడా నమ్మదగినట్టే ఉన్నాడు. అది కొంచెం బాధ కలిగించింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి యూసేబియో ఇంటి వాకిట్లో నిలబడ్డాడు. నల్లగుడ్డ పరిచిన బల్ల. చుట్టూ చెరకు గడలు ఇంటి కప్పుదాకా. ఆత్మ ఎక్కి దిగడానికి రొట్టె నిచ్చెనలు, నీళ్ళు మోసుకుపోవడానికి కాడలతో ఉల్లిపాయలు, మధ్యలో బట్టతల ఫొటో. ఇరవై మంది కూర్చుని పాడుతున్నారు.

"రా అన్నా, రా," అంటూ ఎదురొచ్చింది యూసేబియో భార్య పౌలా. సంచిలోంచి తొంగిచూస్తున్న రొట్టె పాపని చూసి కళ్ళు తుడుచుకుంది. "అయ్యో, చేత్తో తెచ్చావా! మా ఆయన ఎరుకేనా నీకు?"

"కొంచెం ఎరుకేనమ్మా. అది... అది నేను..."

"ఎంత బరువుగా కాల్చావు అన్నా! ఇట్టాంటి రొట్టె ఇప్పుడెవురు కాలుస్తన్నారు?"

అతను చెయ్యి చాపేలోపల రొట్టె పాప బల్ల మీద, ఫొటో పక్కన, పీఠమెక్కి కూర్చుంది. బల్ల మీద పెట్టింది ఆత్మ సొత్తు. పన్నెండు కొట్టేదాకా దాన్ని ముట్టినవాడికి ఆ ఊళ్ళో నిలవనీడ ఉండదు. నికనోర్ ఆ లోయలోనే పుట్టి పెరిగాడు. పండగ ఇంటికి చేత్తో రొట్టె పట్టుకెళితే ఏమవుతుందో పసివాడికైనా తెలుసు. నలభై ఏళ్ళు ఊళ్ళో లేకపోతే ఇలాగే ఉంటుంది. సామాన్ల గది ముసలాయన కష్టమంతా పూలదండ వేసుకుని అతన్నే చూస్తోంది.

బల్ల పక్కనే పెద్దకుర్చీలో, తెల్లటి గడ్డి టోపీ పెట్టుకుని, చేటంత ముఖంతో ఒకామె కూర్చుని ఉంది. ఎదురుగా గిన్నెలో పల్లీల చారు పొగలు కక్కుతోంది.

"తాగు వదినా," అంటోంది పౌలా. "ఆయనకి ప్రాణం గదా ఈ చారంటే."

"తాగుతున్నాలే యమ్మా," అని, పౌలా అటు తిరగ్గానే ఆమె గిన్నెని నికనోర్ వైపు జరిపింది. "ఏమయ్యా ప్రార్థనయ్యా, పున్నెముంటది, నువ్వు తాగెయ్. మూడేళ్ళ నించీ ఇదే గోల. ఆయనకి పల్లీలిష్టమంట. నాకు కడుపుబ్బరం. చెప్తే ఇంటదా? 'నీకు గాదు వదినా, ఆయనకి' అంటది. ఆయన నా పొట్టలో ఎప్పుడు దిగాడంట?"

దోన్యా ట్రిఫోనియాని వేరే పరిచయం చెయ్యక్కర్లేకపోయింది. నికనోర్ చారు తాగేశాడు. బాగుంది. ఆమె సొరబుర్రతో చీచా ముంచి అందించింది. అతను మొదటి చుక్క నేలతల్లికి వంపి, తర్వాత గుటకేశాడు. ఆమె తల ఊపింది.

"పద్ధతి తెలిసినోడివే. ఏంది ఎడమ చెయ్యి అట్టా దగ్గరికి పెట్టుకున్నావ్? నీక్కూడా ఉందా ఏంది?"

"ఉందక్కా. ఆరేళ్ళు."

"ఎవురిది?"

"ఎవరిదీ కాదు. కొత్తదే. సర్కారు ఇచ్చింది."

"ఓహో! కన్నెమిషను!" ఆమె పకపకా నవ్వితే కుర్చీ కదిలింది. "నాది రెండో పెళ్ళిదయ్యా. మా ముసలోడు పోయి పదకొండేళ్ళు. ఇప్పుడు పరాయోడి పేరు ఎదమీద మోస్తన్నా. ఆస్పత్రికి పోతే ఆ తెరమీద 'యూసేబియో' అని పడతది. డాక్టరు అటు జూస్తాడు, ఇటు జూస్తాడు, 'మీసాలు తీయించావా' అంటాడు." గొంతు తగ్గించింది. "మంచోడే పాపం. ఆయన దయతోనే ఈ మూడేళ్ళూ చీచా కాచుకున్నా. కానీ పన్నెండింటికి నేను మళ్ళా ట్రిఫోనియానైపోతా. దానికోసం కొత్త పావడా కట్టుకున్నా, చూడు."

ఎర్రంచు పచ్చ పావడా. నికనోర్ దాన్ని చూశాడు. చీఫ్ ఇచ్చిన ఆర్డర్ గుర్తొచ్చింది. వీలైతే ముసలామె.

*

పదకొండున్నరకి వాకిట్లో హైహీల్స్ చప్పుడైంది. మట్టినేల మీద కూడా టకటకలాడించగలిగిన ఆడది హిమేనా ఒక్కతే. నల్ల గౌను, ముత్యాల కమ్మలు, చేతిలో ప్రోగ్రామర్ సూట్‌కేస్. వెనకాల పొడుగాటి పరదేశి.

"హెడ్డాఫీసు ఇంజనీరు గారు," అని పరిచయం చేసింది. "మిషన్ ఎలా పనిచేస్తోందో చూస్తారట."

ఇంజనీరు వేషంలో ఉన్న హార్కోర్ట్ అందరికీ మర్యాదగా తల వంచాడు. పౌలా చీచా అందిస్తే చేత్తో వద్దని, తన సీసాలో నీళ్ళు తాగాడు. నేలతల్లికి ఒక్క చుక్క వంపలేదు. రొట్టె ముట్టలేదు. ఇరవై మందీ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. కుడిచెయ్యి మాత్రం కోటు జేబులోంచి తియ్యడం లేదని నికనోర్ ఒక్కడే చూశాడు.

సంచి సర్దుకుంటున్నట్టు హిమేనా పక్కకి జరిగాడు. "చెరకు బాగుంది తల్లీ. ఎక్కడిదో?"

ఆమె అతని వైపు తిరగలేదు. "సగం యుంగాస్‌ది," అంది, "సగం చపారేది."

నికనోర్ నిట్టూర్చాడు. ఏ ఉద్యోగంలోనైనా ముప్ఫై ఏళ్ళు చేశాక మనిషికి ఒక్క సూటి సమాధానమన్నా దక్కాలి.

హార్కోర్ట్ వచ్చి అతని పక్కనే పీట మీద కూర్చున్నాడు. జేబులో ఉన్నది అతని డొక్కకి తగిలింది.

"మిస్టర్ రోచా, పాడుతూ ఉండండి. మీ బ్యాటరీకి నాలుగు నెలలేనటగా? హిమేనా చెప్పింది. వాటిని పాడుచేసుకోకండి."

చెప్పేసిందన్నమాట. డొక్కలో పిస్టల్ కన్నా అది ఎక్కువ గుచ్చుకుంది. నికనోర్ గొంతు సవరించుకుని మరియమ్మ జపం అందుకున్నాడు.

హిమేనా పెట్టె తెరిచింది. తెర వెలిగింది. ట్రిఫోనియా రవిక బొత్తాము విప్పి రీడర్ ఆనించగానే ఆకుపచ్చ గీత లేచిపడడం మొదలెట్టింది. పైన అక్షరాలు: క్లారోస్, యూసేబియో. పౌలా ఆ పేరు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదే," అన్నాడు హార్కోర్ట్. అంతే. అతనికి కావలసింది ఆ ఒక్క నిర్ధారణ. లేచి హిమేనా వెనక నిలబడి, చెవిలో ఏదో అన్నాడు.

గోడగడియారంలో పన్నెండుకి రెండు నిమిషాలు తక్కువ.

"అక్కా," అంది హిమేనా ట్రిఫోనియాతో, గొంతు మామూలుగానే ఉంది. "ఒక్క క్షణం కళ్ళు తిరుగుతాయి. భయపడకు."

ఆ మాట వినగానే నికనోర్ నాలుక మీద జపం ఆగిపోయింది. తనతో ఆరేళ్ళుగా అంటున్న మాట. పరీక్షకి మాత్రమే అనే మాట. పరీక్షకి ఆపిన గుండె రీడర్ తియ్యగానే తిరిగొస్తుంది. అంటే ఈ చెరకు యుంగాస్‌దే!

ఆమె మీట నొక్కింది. ఆకుపచ్చ గీత పడుకుంది. ట్రిఫోనియా తల వాలింది, తెల్లటోపీ ఒళ్ళో పడింది. ఎవరో అరిచారు. హిమేనా తెరవైపు చూస్తూ మనసులో లెక్కపెడుతోంది. నాలుగు. అయిదు. ఇక రీడర్ తీసేస్తుంది.

తియ్యలేకపోయింది.

తెర మూలన వెలుగుతున్న 'తాత్కాలికం' అన్న మాటని హార్కోర్ట్ చూశాడు. ఎడమచేత్తో ఆమె చేతిని రీడర్‌తో సహా ముసలామె రొమ్ము మీదికి అదిమిపట్టాడు. "తెలివైనదానివే," అన్నాడు. ఆపడాన్ని శాశ్వతం చేసే మీట కోసం కుడిచెయ్యి జేబులోంచి బయటికి తీశాడు.

రెండు చేతులకీ పని దొరికింది. పిస్టల్ ఒంటరిదైంది.

నికనోర్ లేచాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. రెండడుగుల దూరంలో బల్ల. ఫొటో పక్కన ఎర్రబుగ్గల రొట్టె పాప. ఆనిస్తే లోపలి రాతంతా చెరిగిపోతుంది. ఉప్పు మైదానం రికార్డు, మూడేళ్ళ రహస్యం, తన ఉద్యోగం, అన్నీ. ఆనించకపోతే ఎర్రంచు పచ్చ పావడా.

పన్నెండు ఇంకా కొట్టలేదు. అతను బల్ల మీద చెయ్యి పెట్టాడు.

"ఒరేయ్!" అని అరిచింది పౌలా. "ఆయన సొమ్ము ముడతావా!"

వీపు మీద ఎవరో గుద్దారు. అతను రొట్టె పాపని రెండు చేతులా పట్టుకుని, ట్రిఫోనియా ఛాతీ మీద రీడర్ పక్కనే అదిమాడు. తెర బుస్సుమని మంచు కురిసినట్టు తెల్లబడింది. హార్కోర్ట్ వేలు మీట మీద పడింది. మళ్ళీ పడింది. పెట్టె మాట మిషన్‌కి వినబడడం లేదు. మాట వినబడకపోతే మిషన్‌కి తెలిసిన పద్ధతి ఒక్కటే: తన పాత పని తాను చేసుకోవడం.

ఒక దెబ్బ. నికనోర్ కళ్ళ ముందే ఆమె మెడనరం తుళ్ళింది. ఇంకో దెబ్బ.

ట్రిఫోనియా కళ్ళు తెరిచింది. ముందు కనబడింది తన రొమ్ము మీదున్న పరదేశి చెయ్యి.

నలభై ఏళ్ళు చీచా కుండలు ఎత్తిదించిన చెయ్యి ఆమెది. పక్కనున్న చెరకుగడ పీకి హార్కోర్ట్ చెవి మీద ఒక్కటిచ్చింది. గడ రెండు ముక్కలైంది. "ఒకణ్ణి మూడేళ్ళు మోసింది చాలక నువ్వొకడివిరా! ఏందిరా ఎదమీద చెయ్యి? చుక్క కల్లు నేలకి వంపనోడివి, ముద్ద తిననోడివి, నువ్వు ఇంజనీరువా!"

ఇరవై మంది అంతదాకా మింగుకున్న కోపానికి దారి దొరికింది. "తినకుండా కూసున్నాడు, అందుకే ఆత్మకి ఆకలేసి వదినని పట్టుకుంది!" అని పౌలా తేల్చేసింది. చెరకుగడలు లేచాయి. మొండిఆత్మల్ని సాగనంపడానికి మూలన పెట్టుకున్న దూలగొండి కట్ట కూడా లేచింది. హార్కోర్ట్ జేబులోంచి పిస్టల్ జారి పడితే నికనోర్ దాని మీద పాదం వేసి నిలబడ్డాడు. అతని వీపు మీదా రెండు దూలగొండి దెబ్బలు పడ్డాయి. బల్ల ముట్టినందుకు. న్యాయమే.

అప్పుడు గుడి గంట మోగింది. పన్నెండు. వీధిలో టపాకాయలు పేలాయి.

"పోయాడు," అంది పౌలా మెల్లగా. ఫొటోని బోర్లించింది. "పోయిరా నాయనా. దారిలో జాగర్త."

*

హార్కోర్ట్‌ని బల్ల మీది నల్లగుడ్డతోనే కట్టి ఊరిపెద్ద కొట్టంలో పడేశారు. ఒళ్ళంతా దద్దుర్లు. ఎంబసీని పిలవమంటున్నాడు. ముందు పల్లీల చారు తాగమంటున్నారు.

హిమేనా రీడర్ మళ్ళీ ఆనించింది. తెర మీద యూసేబియో లేడు. పేరున్న చోట ఖాళీ, నోటున్న చోట పిచ్చిగీతలు. నికనోర్ అది చూసి కళ్ళు మూసుకున్నాడు. పొరపాటున కూడా విచారం రాలేదు. అలుపొచ్చింది, అంతే.

"ఏం పేరు రాయను అక్కా?"

"ట్రిఫోనియా ఊగార్తే. మంచిగా, పెద్ద అచ్చరాలు." ఆమె మెడ సాచి తెరవైపు చూసింది. చదవడం రాదు. "ప్రార్థనయ్యా, నువ్వు చదువు."

నికనోర్ చదివాడు. ఆమె ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాడు.

"కింద ఇంకా రెండు లైన్లు ఖాళీ ఉన్నాయక్కా," అంది హిమేనా. "ఏమన్నా రాసుకుంటావా? నీ తర్వాత ఎవరికైనా ఇస్తే వాళ్ళకి కనబడుతుంది."

ట్రిఫోనియా వెనక్కి తిరిగి పౌలా వంటింట్లోకి పోయిందో లేదో చూసింది.

"పల్లీల చారు పెట్టొద్దని రాయ్."

మధ్యాహ్నం ట్రిఫోనియా చీచా ఇంటి ముందు, కల్లుందని చెప్పే తెల్లజెండా నీడలో, ఇద్దరు గూఢచారులూ బస్సు కోసం కూర్చున్నారు. హిమేనా చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటోంది.

"నా బ్యాటరీ సంగతి వాడికెందుకు చెప్పావు?" అన్నాడు నికనోర్.

"నిన్ను లెక్కలోంచి తీసేస్తాడని. నాలుగు నెలల ముసలాడు లేచి దూకుతాడని వాడనుకోలేదు." రెండో పాదం అందుకుంది. "నిజానికి నేనూ అనుకోలేదు."

"నోటు పోయింది. బెత్సబే నన్ను ఉప్పులో ఊరేస్తుంది."

"పోతే పోనీ. దాన్ని టైపు చేసింది నేనే గదా."

నికనోర్ ఆమె వైపు తిరిగాడు.

"మరి పేస్‌మేకర్‌లో యూసేబియో తనంతట తాను రాసుకున్నాడనుకున్నావా, మేకుతో గీకి? ఆయన చెప్పాడు, నేను కొట్టాను."

"మూడేళ్ళ నించీ నీకు తెలుసా? మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరడిగారయ్యా? మీవాళ్ళు పెట్టె పట్టుకురమ్మన్నారు. వాళ్ళూ పెట్టె పట్టుకురమ్మన్నారు. హీల్స్ వేసుకున్నదానికి చదవడం వచ్చని ఇద్దరికీ తోచలేదు. పైగా తను పోతే మూడేళ్ళు నోరు విప్పనని ఆయనకి మాటిచ్చాను. ఇవాళ పన్నెండు కొట్టింది, మాట తీరింది." ఆమె చెప్పు దులిపి తొడుక్కుంది. "రాసుకో. పిండిమరల తనిఖీ శాఖ, పై అంతస్తు, పద్నాలుగో బీరువా. బీరువా నంబరుతో సహా రాసి పోస్టులో పంపానన్నాడు."

నికనోర్ రాసుకోలేదు. నవ్వడం మొదలెట్టాడు. నవ్వు ఆయాసంలోకి దిగింది. మిషన్ దాన్ని పట్టించుకోకుండా, డెబ్బై లెక్కన, తన పని తాను చేసుకుపోయింది.

*

మర్నాడు పదింటికి, పై అంతస్తు మెట్లు ఆగి ఆగి ఎక్కి, అతను పద్నాలుగో బీరువా తెరిచాడు. గోనెపట్టా చుట్టిన పార్శిలు అక్కడే ఉంది. సీలు కూడా విప్పలేదు. గుమాస్తా దాని మీద కాఫీ కాచుకునే స్టవ్ పెట్టుకున్నాడు.

"పిండిమర సంగతి కాదు గదండీ," అన్నాడు గుమాస్తా. "ఎత్తు సరిపోయిందని ఉంచాను."

పార్శిలు లాగితే దాని కింద ఇంకో ఫైలు బయటపడింది. అట్ట మీద కాఫీ మరకలు, మరకల మధ్య నికనోర్ సొంత పేరు. కింది అంతస్తు నించి ఎనిమిది నెలల క్రితం పంపిన అర్జీ: మిషన్ పాతబడినందున కొత్తది మంజూరు చెయ్యవలసిందిగా ప్రార్థన.

"ఓ, ఇది మీదా!" గుమాస్తా ఉత్సాహంగా కలం తీశాడు. "ఇది మా శాఖదేనండి. ఒక్క కాలమ్ ఖాళీ ఉండి ఆగిపోయింది. మీ మిషన్ ఎన్ని గుర్రాల బలం?"

నికనోర్ స్టవ్ పక్కన కుర్చీలో కూలబడ్డాడు.

"గుర్రం కాదు నాయనా, గాడిద," అన్నాడు. "ఒక్కటే. అదీ ముసలిది."

గుమాస్తా శ్రద్ధగా రాసుకున్నాడు.